ఆర్థర్ అంటే అర్థం ఏంటి? తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది ఇంగ్లాండ్‌లో. మా చిన్నోడి క్లాసులో ముగ్గురు ఆర్థర్‌లున్నారు, స్కూలు గేటు దగ్గర ఎవరైనా "ఆర్థర్!" అని కేకేస్తే ముగ్గురూ ఒకేసారి వెనక్కి తిరుగుతారు. నేనిక్కడికి వచ్చిన కొత్తలో ఈ పేరు వింటే చేతికర్ర, ఊలు టోపీ, చెవిలో మిషను కళ్ళముందు కదిలేవి. ఇప్పుడేమో డైపర్లు. ఈ మధ్య మా వదిన ఫోన్ చేసి, వాళ్ళ స్నేహితురాలి కోడలు (ఇక్కడి అమ్మాయే) పుట్టబోయే బాబుకి ఆర్థర్ అని పెడతానంటోందట, "అసలా పేరుకి ఏమైనా అర్థముందా, ఊరికే పెట్టేస్తారా" అని అడిగింది. తర్వాత ఆ స్నేహితురాలు, ఆవిడ తమ్ముడు, ఇంకెవరో, అందరివీ అవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసేస్తున్నా.

సరే, అర్థం ఏంటి?

బహుశా "ఎలుగుబంటి". ఆ "బహుశా"ని మాత్రం కొట్టెయ్యకండి. పిల్లల పేర్ల సైట్లు "ఎలుగుబంటి అంత బలవంతుడు, ఉదాత్తుడు, ధీరుడు" అని దండకం చదువుతాయి గానీ, పండితులు ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు. వాళ్ళలో రెండు దారులున్నాయి. ఇంగ్లాండ్ పక్కనున్న వేల్స్ వాళ్ళ వెల్ష్ భాషలో "ఆర్థ్" అంటే ఎలుగుబంటి, కాబట్టి దాంట్లోంచే "ఎలుగుబంటి మనిషి" అనో "ఎలుగుబంటి రాజు" అనో అర్థమొచ్చే పాత పేరు పుట్టిందని ఒక దారి. రోమన్లు బ్రిటన్‌ని ఏలిన రోజుల్లో ఆర్టోరియస్ అనే ఇంటిపేరు ఉండేది, అదే జనం నోళ్ళలో పడి ఆర్థర్ అయిందని రెండోది. భాష మారే పద్ధతి చూస్తే రెండోది బాగా కుదురుతుంది. తంటా ఏంటంటే, ఆ ఆర్టోరియస్‌కి మూలం ఏంటో మళ్ళీ అదొక పంచాయితీ.

నా మటుకు నాకు రెండూ ఒకేసారి నిజం కావచ్చనిపిస్తుంది. పేరు రోమన్లదే అయినా, దాన్ని రోజూ పిలిచే వెల్ష్ వాళ్ళకి చెవిలో ఎలుగుబంటే వినబడి ఉంటుంది కదా.

బాబుకి ఎలుగుబంటి పేరా? మా అత్తగారు ఊరుకోరండీ.

ఆవిడకి జాంబవంతుణ్ణి గుర్తుచెయ్యండి. ఏటా వినాయక చవితినాడు అక్షింతలు పట్టుకుని ఆ కథ వింటూనే ఉన్నాం కదా, శమంతకమణి కోసం గుహలోకి వెళ్ళిన కృష్ణుడితో 28 రోజులు కుస్తీ పట్టిన ముసలాయన, చివరికి కూతుర్నిచ్చి పెళ్ళిచేసిన మామగారు. ఆయన ఋక్షరాజు. ఋక్షం అంటే ఎలుగుబంటి. ఇప్పుడు చూడండి తమాషా: సంస్కృతం ఋక్ష, గ్రీకు ఆర్క్‌టోస్, లాటిన్ ఉర్సుస్, వెల్ష్ ఆర్థ్, ఇవన్నీ ఒకే మూలపదం నుంచి చీలిన మాటలు, అన్నదమ్ముల పిల్లల్లాంటివి. అంటే "ఎలుగుబంటి రాజు" అనే వాదమే గనక నిజమైతే, ఆర్థర్‌ని మన భాషలోకి తెస్తే వచ్చే మాట అచ్చంగా ఋక్షరాజే. సముద్రం ఒడ్డున దిగాలుగా కూర్చున్న హనుమంతుడికి నీ బలం ఇదయ్యా అని గుర్తుచేసిన పెద్దమనిషి పేరు పెడుతున్నామంటే ఏ అత్తగారు కాదంటారు?

యూరప్‌లో ఎలుగుబంటి పేర్లు కొత్తేం కాదు. బెర్నార్డ్‌లో ఎలుగుబంటి ఉంది, స్వీడన్ వాళ్ళ బ్యోర్న్ అంటే నేరుగా ఎలుగుబంటే, ఉర్సులా అంటే చిన్న ఆడ ఎలుగు. మనకి నరసింహం, సింహాచలం, నాగేశ్వరరావు ఉండగా లేనిది వాళ్ళకి ఎలుగుబంటి ఉంటే తప్పేంటి.

స్వాతి నక్షత్రానికీ ఈ పేరుకీ సంబంధం ఉందని విన్నాను?

మనం స్వాతి అనే నక్షత్రాన్ని వాళ్ళు ఆర్క్‌ట్యూరస్ అంటారు. గ్రీకులో "ఎలుగుబంటి కాపలాదారు" అని అర్థం. ఆకాశంలో మనకి సప్తర్షి మండలం కనిపించే చోట వాళ్ళకి పెద్ద ఎలుగుబంటి కనిపించింది, దాని వెనకే నడుస్తుంది కాబట్టి ఇది కాపలాదారు అయింది. ఆ తోక వంపుని అలాగే కొనసాగించుకుంటూ కళ్ళు తిప్పితే నారింజ రంగులో మెరుస్తూ దొరుకుతుంది, ఎండాకాలం రాత్రుళ్ళు మేడమీద పడుకున్నవాళ్ళు చూసే ఉంటారు. మధ్యయుగాల్లో లాటిన్ రాసేవాళ్ళు ఆర్థర్‌ని ఆర్టురుస్ అని రాసేవారు, ఆ నక్షత్రం పేరు కూడా ఇంచుమించు అలాగే ఉండటంతో రెండూ కలిసిపోయాయి. పేరు పుట్టింది మాత్రం నక్షత్రం నుంచి కాదు, పోలిక ఉందంతే.

కానీ నాకు ఒళ్ళు జలదరించిన ముక్క ఇంకోటుంది. సప్తర్షులని పూర్వం ఋక్షాలు అనేవారని శతపథ బ్రాహ్మణంలో ఉంది. అంటే ఒకప్పుడు మనవాళ్ళు కూడా అక్కడ ఎలుగుబంట్లనే చూశారన్నమాట.

జాతకం చూపించుకునేవాళ్ళకో సంగతి: స్వాతి నక్షత్రానికి నామాక్షరాలు రూ, రే, రో, తా. "ఆ" కుదరదు. "అ"తో మొదలయ్యేది కృత్తిక మొదటి పాదం. మరీ పట్టింపున్నవాళ్ళు బాలసారె నాడు బియ్యంలో వేరే పేరు రాసుకుని బర్త్ సర్టిఫికెట్‌లో ఆర్థర్ పెట్టుకుంటారు, మనవాళ్ళకి ఆ విద్య చెప్పాలా.

ఇది అచ్చమైన ఇంగ్లిష్ పేరేనా?

కాదు, అసలు సరదా అంతా ఇక్కడే ఉంది. ఈ పేరుకి ఇంత వెలుగు తెచ్చిన కథల్లోని ఆర్థర్ రాజు 5, 6 శతాబ్దాల కాలం వాడు, బ్రిటన్ల పక్షం, అంటే అక్కడి పాత జనం, వెల్ష్ వాళ్ళ పూర్వీకులు. సముద్రం దాటొచ్చిన శాక్సన్‌ల మీద యుద్ధం చేసినవాడు. ఆ శాక్సన్‌లు ఎవరంటే ఇప్పటి ఇంగ్లిష్ వాళ్ళ పూర్వీకులు! తమని తరిమికొట్టిన శత్రువుని కొన్ని వందల ఏళ్ళ తర్వాత వాళ్ళే తమ ఆదర్శ మహారాజుగా చేసుకుని, పిల్లలకి ఆయన పేరు పెట్టుకున్నారు. వేల్స్ వాళ్ళని కదిపితే ఈ విషయం మీద ఇప్పటికీ ఒక చురక వేస్తారు.

ఆ రాజు నిజంగా ఉన్నాడా?

ఉండి ఉండొచ్చు, రాజు మాత్రం కాకపోవచ్చు. 9వ శతాబ్దపు ఒక లాటిన్ చరిత్రలో ఆయన 12 యుద్ధాలు చేశాడని ఉంది, అందులో ఆయన సేనానాయకుడే. కిరీటం, మెర్లిన్ అనే మంత్రగాడు, పెద్ద రాజ్యం అన్నీ కలిపి పూర్తి జీవిత కథగా అల్లింది 1136 ప్రాంతంలో జాఫ్రీ అనే మతాధికారి. ఆయన వీరులు చుట్టూ కూర్చునే గుండ్రటి బల్ల ఇంకా తర్వాత వచ్చి చేరింది. 1191లో గ్లాస్టన్‌బరీ మఠం సన్యాసులు ఆయన సమాధి దొరికిందని ప్రకటించారు, దానికి కొన్నేళ్ళ ముందే ఆ మఠం తగలబడి డబ్బు అవసరం పడిందనేది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

ఇంత గొప్ప పేరైతే ఇంగ్లాండ్‌కి ఆర్థర్ అనే రాజు ఎందుకు లేడు?

ప్రయత్నించారు. అచ్చిరాలేదు. 12వ శతాబ్దం చివర్లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని బ్రిటనీకి చెందిన ఆర్థర్ అనే కుర్రాడికి సింహాసనం మీద హక్కుండేది, సొంత బాబాయి జాన్ రాజు చేతిలో బందీ అయ్యి 1203లో కనబడకుండా పోయాడు. ఆ తర్వాత ఏడో హెన్రీ 1486లో పుట్టిన తన మొదటి కొడుక్కి కావాలనే ఆర్థర్ అని పెట్టాడు. తన కొత్త వంశానికి పాత వీరుడి వెలుగు అంటాలని ఆశ. ఆ పిల్లాడు 1502లో, పెళ్ళయిన కొద్ది నెలలకే, 15 ఏళ్ళ వయసులో పోయాడు. తమ్ముడు ఎనిమిదో హెన్రీ అయ్యాడు, వదినగారినే పెళ్ళి చేసుకున్నాడు, ఆ పెళ్ళి రద్దు చేసుకోవడానికి పోప్‌తో తెగదెంపులు చేసుకున్నాడు. ఆ ఒక్క ఆర్థర్ బతికుంటే ఇంగ్లాండ్ మతచరిత్రే వేరుగా ఉండేదేమో.

అప్పట్నుంచి రాచకుటుంబం ఈ పేరుని మధ్యలో దాచుకోవడం అలవాటు చేసుకుంది. ఆరో జార్జి పూర్తి పేరు ఆల్బర్ట్ ఫ్రెడరిక్ ఆర్థర్ జార్జ్. ఇప్పటి రాజు చార్లెస్ ఫిలిప్ ఆర్థర్ జార్జ్. విలియం పేరులోనూ ఉంది, ఆయన చిన్న కొడుకు లూయీ పేరులోనూ ఉంది. సింహాసనం ఎక్కేవాళ్ళకి మాత్రం ముందుకి రాదు.

వందేళ్ళ నాటి పేరు మళ్ళీ ఎలా లేచింది?

ముందు మొదటిసారి ఎలా లేచిందో చూడాలి. 1815లో వాటర్లూ దగ్గర నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టన్ డ్యూక్ అసలు పేరు ఆర్థర్ వెల్లెస్లీ. మన టిప్పు సుల్తాన్ మీద 1799లో శ్రీరంగపట్నంలోనూ, మరాఠాల మీద 1803లో అసాయేలోనూ పోరాడినవాడు ఈయనే. విక్టోరియా రాణికి మూడో కొడుకు 1850 మే 1న పుట్టాడు, అదే రోజు డ్యూక్‌కి 81వ పుట్టినరోజు. ఇంకేముంది, పిల్లాడికి ఆర్థర్ అనే పెట్టి ఆయన్నే గాడ్‌ఫాదర్‌గా నిలబెట్టారు. ఆ రోజుల్లోనే కవులు, చిత్రకారులు ఆర్థర్ రాజు కథల మీద పడ్డారు. అలా రాజుగారింట్లోంచి గని కార్మికుడి ఇంటిదాకా పాకింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ ఆర్థర్‌లందరూ తాతలైపోయి, పేరు కూడా వాళ్ళతోపాటే ముసలిదైపోయింది.

ఇప్పటి తల్లిదండ్రుల తంతు ఇలా ఉంటుంది: నాన్న తరం పేర్లు (కెవిన్, గ్యారీ లాంటివి) పాతబడినట్టుంటాయి, తాత తరం పేర్లు ఇంకా బతికున్న మనుషులవి, ముత్తాత తరానివి మాత్రం ఫోటో ఫ్రేములో అందంగా కనిపిస్తాయి. అందుకే వంద ఏళ్ళకోసారి తిరిగొస్తాయి. 2018 లెక్కల్లో ఇంగ్లాండ్, వేల్స్‌లో ఆర్థర్ 1920ల తర్వాత మొదటిసారి మొదటి పది పేర్లలోకొచ్చింది, 2020లో మూడో స్థానానికెక్కింది. పీకీ బ్లైండర్స్ అనే టీవీ సీరియల్‌లో ఒక పాత్రకి ఈ పేరుండటం కూడా కారణం కావచ్చని లెక్కలు చెప్పే ప్రభుత్వ సంస్థే అంది. నాకైతే ఆ వాదన పూర్తిగా ఎక్కదు, ఆ రౌడీ పాత్రని చూసి కొడుక్కి పేరు పెట్టే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి.

మనకి తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ఎప్పట్నుంచో ఉంది, వాళ్ళు ఇంకో మెట్టు పైకి దూకారు, అంతే తేడా. అయితే మనవాళ్ళు ఈ మధ్య తాత పేరుని రికార్డుల్లో వెనకాల ఒక అక్షరంగా కుదించేసి ముందు ఏదో ఒక కొత్త పేరు తగిలిస్తున్నారు. ఇంగ్లాండ్‌లో ఆర్థర్ తిరిగొచ్చినట్టు మన దగ్గర సుబ్బారావు ఎప్పుడొస్తాడో చూడాలి.

మన కాటన్ దొర పేరు కూడా ఆర్థరే కదా?

అవును. నేను పుట్టి పెరిగింది రాజమండ్రి పక్కనే, అయినా చాలా పెద్దయ్యేదాకా నాకు "కాటన్" ఆయన పేరనీ "దొర" ఇంటిపేరనీ లెక్క. సర్ ఆర్థర్ థామస్ కాటన్, 1803 మే 15న పుట్టాడు. డ్యూక్ గారి పేరే పెట్టారేమో అని ఒకాయన నాతో వాదించాడు గానీ, అసాయే యుద్ధం జరిగింది అదే ఏడు సెప్టెంబరులో, వాటర్లూ ఇంకా 12 ఏళ్ళ దూరంలో ఉంది, కాబట్టి ఆ గెలుపులు చూసి పెట్టిన పేరైతే కాదు.

1830ల్లో గోదావరి జిల్లాలు కరువుతో, తుఫానులతో చితికిపోయాయి. పక్కనే అంత నది సముద్రంలోకి పోతుంటే జనం ఆకలితో చావడమేంటని ఆనకట్ట ప్రతిపాదన రాసి, పైవాళ్ళని ఒప్పించి, 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టించాడు. నది అక్కడ లంకల మధ్య చీలిపోతుంది కాబట్టి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. 1852కి పూర్తయింది. పచ్చటి కోనసీమ, కాలవలు, కొబ్బరి, మూడు పూటలా అన్నం, అన్నీ ఆ తర్వాతి మాటే. రైళ్ళ కంటే కాలవలు మేలని జీవితాంతం పోట్లాడి, సొంత ప్రభుత్వంతోనే చివాట్లు తిని, 1899 జులైలో 96 ఏళ్ళ వయసులో ఇంగ్లాండ్‌లోని డోర్కింగ్‌లో పోయాడు. పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు, ధవళేశ్వరంలో మ్యూజియం ఉంది, హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద తెలుగు మహనీయుల విగ్రహాల వరసలో ఆయనా నిలబడ్డాడు. గోదావరి స్నానం చేస్తూ ఆయన్ని భగీరథుడితో పోల్చి తలుచుకునే సంస్కృత శ్లోకం కూడా ఉంది, మా పురోహితుడు గారు పుష్కరాల్లో చెప్పించారు. ఇంగ్లిష్ ఇంజనీరుకి సంకల్పంలో చోటు!

ఇక్కడ పేరు పెట్టబోయే తెలుగు ఇంటివాళ్ళకి ఇంతకంటే మంచి కారణం దొరకదు. నేను మా వదినకి చెప్పింది కూడా ఇదే. ఎలుగుబంటి సంగతి తర్వాత, ముందు కాటన్ దొర పేరని చెప్పమన్నాను. ఆ స్నేహితురాలిది అమలాపురం, ఇంక మాట్లాడలేదట.

గోదావరి దగ్గర ఇంకో ఆర్థర్ కూడా ఉన్నాడంటారు?

హేవలాక్ వంతెన. రాజమండ్రిలో గోదావరి మీద 1897లో మొదలై 1900లో రైళ్ళకి తెరిచిన మొదటి వంతెన, 1997దాకా పనిచేసింది. అప్పటి మద్రాసు గవర్నర్ సర్ ఆర్థర్ ఎలిబాంక్ హేవలాక్ పేరది. అంటే ఒకే ఊళ్ళో నీళ్ళని ఆపినది ఒక ఆర్థర్, నీళ్ళని దాటించినది ఇంకో ఆర్థర్, ఇద్దరి ఇంటిపేర్లూ మన నోట్లో నలిగాయి గానీ అసలు పేరు ఒక్కరికీ తెలీదు.

ఎలా పలకాలి? తెలుగులో ఎలా రాయాలి?

ఇంగ్లాండ్‌లో మధ్యలో "ర్" వినబడదు, చివర్లోదీ వినబడదు, దాదాపు "ఆథ" అంటారు. అమెరికాలో రెండు "ర్"లూ గట్టిగానే పలుకుతారు. మనకి "థ" ఉంది కాబట్టి ఆర్థర్ అని హాయిగా రాసుకోవచ్చు. ఇంగ్లిష్ శబ్దం నాలుకని పళ్ళకి తగిలించి గాలి వదిలేది, మన "థ" అంతకంటే గట్టిది, ఐనా ఎవరూ తప్పు పట్టరు. "ఆర్ధర్" అని "ధ"తో మాత్రం రాయకండి, మన దగ్గర బోర్డుల మీద, పేపర్లలో సగం చోట్ల ఇదే తప్పు.

ఇంకో తమాషా, ఆ "థ" మొదట్లో లేనేలేదు. ఇంగ్లిష్‌లో పాతకాలంలో "ఆర్టర్" అన్నట్టే పలికేవారు, రాతలో "హెచ్" తర్వాత వచ్చి చేరింది, రాత చూసి నోరు మారింది. ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ "త" శబ్దంతోనే పిలుస్తారు, పోలండ్‌లో ఆర్తుర్, ఇటలీ, స్పెయిన్‌లలో ఆర్తూరో.

ముద్దుపేర్లేంటి?

ఆర్ట్, ఆర్టీ. అంతే, పెద్దగా లేవు. ఆర్చీ అనేది ఆర్చిబాల్డ్‌కి చెందింది గానీ కొందరు దీనికీ వాడేస్తారు. మన ఇంట్లో ఎలాగూ బుజ్జి, చిన్నా, నానీ తప్పదు.

ఇంకెవరున్నారు ఈ పేరుతో?

షెర్లాక్ హోమ్స్‌ని పుట్టించిన కానన్ డాయిల్, 1975లో వింబుల్డన్ గెలిచిన మొదటి నల్లజాతి పురుషుడు ఆర్థర్ ఆష్, శ్రీలంకలో స్థిరపడిపోయిన సైన్స్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్. మనవాళ్ళకి కాస్త చేదుగా గుర్తుండే ఆర్థర్ కూడా ఒకాయనున్నాడు. ఎడింగ్టన్, 1919 గ్రహణంలో ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని పరీక్షించిన మహా శాస్త్రవేత్త, 1935లో లండన్‌లో కుర్రాడైన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ నక్షత్రాల మీద వేసిన లెక్కని సభలోనే ఎగతాళి చేశాడు. చంద్రశేఖర్‌దే సరైందని తేలింది, 1983లో నోబెల్ కూడా వచ్చింది.

నాకు బాగా నచ్చిన కథ జర్మన్ తత్వవేత్త షోపెన్‌హావర్‌ది. వాళ్ళ నాన్న వ్యాపారి, కొడుకు కూడా దేశదేశాలు తిరిగి వ్యాపారం చెయ్యాలని, జర్మన్‌లో, ఇంగ్లిష్‌లో, ఫ్రెంచ్‌లో ఒకేలా రాసే పేరు వెతికి 1788లో ఆర్థర్ అని పెట్టాడు. కొడుకు వ్యాపారం మానేసి జీవితమంతా దుఃఖమేనని పుస్తకాలు రాశాడు, అది వేరే సంగతి. విదేశాల్లో పిల్లలకి పేరు పెట్టే మనవాళ్ళ టెన్షన్ అచ్చం ఇదే కదా, అక్కడి నోరు తిరగాలి, ఇక్కడి నోరూ తిరగాలి.

మరి తెలుగు పిల్లాడికి పెట్టొచ్చా?

నిక్షేపంగా. ఒకరు ఇక్కడివాళ్ళు, ఒకరు మనవాళ్ళు అయిన ఇళ్ళలో ఇది బాగా నప్పుతుంది. పలకడం తేలిక, రెండక్షరాల పొల్లు పేరు, వెనక తెలుగు ఇంటిపేరు ఎంత పొడుగున్నా మోస్తుంది. రెండు జాగ్రత్తలు. ఇప్పుడిది అరుదైన పేరు కాదు, క్లాసులో ఇంకో ఇద్దరుంటారని మా వాడి క్లాసే సాక్ష్యం. అలాగే అమ్మమ్మ నోట్లో ఇది "ఆదరు" అయ్యే ప్రమాదం ఉంది. మా అమ్మ మా వాడి స్నేహితుణ్ణి వీడియో కాల్‌లో అలాగే పిలుస్తుంది, వాడికి అదే ఇష్టం, ఇప్పుడు వాళ్ళమ్మ కూడా అప్పుడప్పుడు ఆదరూ అంటోంది.

అమ్మాయి పుడితే?

విక్టోరియా కాలంలో ఆర్థరీన్ లాంటివి కల్పించారు గానీ నిలబడలేదు. ఎలుగుబంటే కావాలంటే ఉర్సులా ఉంది. ఆ నక్షత్రమే కావాలంటే, స్వాతి అని పెట్టెయ్యండి.